ఉప్పునీటి బరువు

నందిగాం, టెక్కలి, పలాస ప్రాంతముల రైతులకు ఉప్పును గూర్చి చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పినట్లుండును. ఒక ప్రక్క నౌపడ ఉప్పు మడులు, మరియొక ప్రక్క ఉద్దానపు ఇసుక నేలలు, వాని వెనుక సముద్రము. ఈ ప్రాంతమున ఉప్పు ముట్టని వృత్తి లేదు. చేపలు ఎండబెట్టువారు, ఊరగాయ పెట్టు ఇల్లాండ్రు, కొబ్బరి తోటలవారు, ఉప్పు మడులలో పనిచేయువారు, అందరును దానిని ఎరిగినవారే. అయినను ఉప్పునీరు ఎంత గాఢముగా నున్నదో కొలిచి వాడు అలవాటు మనలో తక్కువ. మంచి విత్తనమును ఏరి యిచ్చు నీరును, మొలకను చంపు నీరును ఒక్క ఉప్పుతోనే తయారగును. తేడా అంతయు పాలులోను, వ్యవధిలోను ఉన్నది. ఈ వ్యాసములో ఆ కొలతను గూర్చియే ముఖ్యముగా చెప్పెదను.

ఉప్పునీటికి రెండు గుణములు గలవు. మొదటిది, అది మంచినీటికంటె బరువు. రెండవది, అది నీటిని తనవైపు లాగుకొనును. మానవుడు వేల సంవత్సరములుగా ఉప్పునీటితో చేసిన పనులలో చాలవరకు ఈ రెండింటిలో ఒకదాని మీద ఆధారపడినవే.

నౌపడ మడులు

సముద్రపు నీరు లీటరుకు సుమారు 35 గ్రాముల లవణములు కలిగియుండును. అందులో మనము తిను ఉప్పు 27 గ్రాముల ప్రాంతము. మిగిలినవి మెగ్నీషియము, కాల్షియము మొదలగు వాని లవణములు. మడులలో పనివారు ఈ నీటి గాఢతను బామే డిగ్రీలలో కొలుతురు. గాజు గొట్టము వంటి పరికరము నీటిలో నిలువుగా తేలును. నీరు చిక్కబడినకొలది అది పైకి లేచును. సముద్రపు నీరు దానిపై సుమారు మూడున్నర డిగ్రీలు చూపును. ఎండకు గాలికి ఆవిరియై 13 డిగ్రీలు దాటిన పిదప జిప్సము దిగుట మొదలిడును. 25 డిగ్రీల దగ్గర ఉప్పు పలుకు కట్టును. అప్పటికి మొదటి నీటిలో పదవవంతు మాత్రమే మిగిలియుండును. 29, 30 డిగ్రీలు రాకముందే మిగిలిన చేదునీటిని తీసివేయవలెను. లేనియెడల మెగ్నీషియము లవణములు ఉప్పులో చేరి, ఉప్పు చేదెక్కి, వానకాలములో నీరు కారును. ఇంటిలో జాడీ అడుగున ఉప్పు చెమ్మగిల్లుటకు కారణము చాలవరకు ఇదియే.

జనవరి మొదలు వానలు పడువరకు సాగు ఈ పని చూచినవారికి ఒక సంగతి తెలియును. అది కూడ ఒక విధమగు సేద్యమే. మడి చదును, గట్టు, నీటి మళ్ళింపు, కోత, కుప్ప అన్నియు అందులో గలవు. అకాల వర్షము కురిసినచో పంట కరగిపోవుటయు మన పొలములోవలెనే.

ఈ ఉప్పు మీద రాజ్యములు కన్నువేసినవి. మద్రాసు రాజధానిలో ఈస్టిండియా కంపెనీ 1805లో ఉప్పును తన గుత్తాధిపత్యము క్రిందికి తెచ్చుకొన్నది. నాడు ఈ ప్రాంతము గంజాం జిల్లాలోనిది. తన ఊరి తీరమున ఎండిన ఉప్పును పిడికెడు తీసుకొన్నను నేరమైన రోజులవి. 1930లో గాంధీజీ దండి యాత్ర చేసినపుడు నౌపడ దగ్గరను సత్యాగ్రహ శిబిరము వెలసెను. బారువ వాస్తవ్యులు, అప్పటికి ఇరువది యేండ్ల యువకులు, గౌతు లచ్చన్నగారు సముద్రపు నీటి నుండి ఉప్పు చేసి, శిబిరపు ఖర్చులకై దానిని అమ్మి, అరెస్టయి, టెక్కలి, నరసన్నపేట సబ్ జైళ్ళలో నుండి, శిక్షపడి బరంపురము జైలుకు పంపబడిరి. ఉప్పు పన్ను 1947లో పోయెను. నేడు మనము సంచి విప్పి పది లీటర్ల నీటిలో రెండు కిలోల ఉప్పును విత్తనము కొరకు పోయగలుగుచున్నామన్న, దాని వెనుక ఇంత కథ గలదు.

విత్తనపు కుండ

రైతులు ఉప్పునీటిని విత్తనము దగ్గరకు తెచ్చుట ఒక ప్రమాదము వలన జరిగినదని చెప్పుదురు. 1660 ప్రాంతములో ఇంగ్లండునందు బ్రిస్టల్ రేవు దగ్గర గోధుమల ఓడ ఒకటి మునిగెను. పోటు తీసినపుడు చుట్టుప్రక్కల రైతులు ఆ తడిసిన గోధుమలను తీసికొనిపోయిరి. పిండికి పనికిరానందున కొందరు వానిని విత్తిరి. కోతల సమయమునకు దేశములోని గోధుమలకు కాటుక తెగులు విస్తారముగా సోకి గింజలు నల్లని పొడియై పోగా, ఈ సముద్రపు నీట నానిన విత్తనపు పైరు మాత్రము శుభ్రముగా నుండెనట. జెత్రో టల్ అను వ్యవసాయజ్ఞుడు 1733లో ప్రచురించిన తన గ్రంథమున ఈ విషయము వ్రాసెను. అటుపిమ్మట గోధుమ విత్తనమును ఉప్పునీట ముంచి, సున్నము పట్టించి విత్తుట అక్కడ ఆచారమయ్యెను. తెగులు ఎట్లు వచ్చునో అప్పటికి ఎవరికిని తెలియదు. విత్తనము నంటియున్న నల్లని పొడి వలననే అది వ్యాపించునని ఫ్రాన్సు దేశీయుడు టిల్లే 1755లో నిరూపించెను. తెగులు సోకిన గింజలు తేలికగా నుండి నీటిపై తేలుట, ముంచి కలియబెట్టినపుడు కొంత పొడి కడుగుకొనిపోవుట, ఈ రెండును ఉప్పునీటి మహిమకు కొంత కారణములు. ఉప్పు స్వతహాగా గొప్ప తెగులు మందు కాదు. సజ్జలో తేనెబంక తెగులు వలన ఏర్పడు శిలీంధ్రపు గడ్డలను ఉప్పునీటిలో తేల్చి తీసివేయుట కూడ ఈ సూత్రము మీదనే.

వరికి ఈ పద్ధతిని శాస్త్రీయముగా కుదిర్చినవారు జపానువారు. ఫుకువోకాలో వ్యవసాయ పాఠశాల ఉపాధ్యాయుడైన యోకోయి తోకియోషి 1882లో ఉప్పునీటి ఎంపికను రూపొందించెను. మంచినీటి బరువును 1 అనుకొన్నచో 1.13 బరువుగల ఉప్పునీటిలో ధాన్యము పోసి, మునిగిన గింజలనే విత్తుట దీని సారాంశము. పాలు తక్కువపడిన గింజకు పొట్టు క్రింద ఖాళీ యుండును గనుక అది తేలును. నిండు గింజలో మొలకకు మూడు నాలుగు ఆకులు వచ్చువరకు సరిపడు ఆహారముండును. అందుచే నారు ఏకరీతిగా, బలముగా లేచును. పెద్ద యంత్రములు లేవు, మందులు లేవు. ఒక తొట్టి, ఉప్పు, ఒక కోడిగుడ్డు చాలును. ఇంత చౌకగా ఇంత మేలుచేయు పని వరి సేద్యములో మరియొకటి నాకు తోచదు.

అయితే జపాను లెక్కను మనము ఉన్నదున్నట్లు తీసికొనరాదు. వారి గింజ పొట్టిది, గుండ్రనిది, బరువైనది. మన స్వర్ణ గాని, శ్రీకాకుళం సన్నాలు గాని సన్నగింజ రకములు. 1.13 నీటిలో పోసినచో మంచి విత్తనము కూడ చాలభాగము తేలిపోయి, రైతు బెదిరి ఆ పద్ధతినే విడిచిపెట్టును. పది లీటర్ల మంచినీటిలో 1 కిలో ఉప్పు కరగించినచో బరువు సుమారు 1.06 అగును. ఒకటింబావు కిలోలు వేసిన 1.08, కిలోన్నర దాటిన 1.10, రెండు కిలోల 200 గ్రాములు వేసిన 1.13 వచ్చును. మన సన్న రకములకు 1 నుండి ఒకటింబావు కిలోలతో మొదలుపెట్టవలెనని నా అభిప్రాయము. ముతక గింజకు కిలోన్నర. చెమ్మగిల్లిన ఉప్పు అయినచో ఒక గుప్పెడు ఎక్కువ వేయవలెను. అయోడిను కలిపిన పొడి ఉప్పు దీనికి అక్కరలేదు, రాళ్ళ ఉప్పు చాలును. వంటకు మాత్రము అయోడిను ఉప్పునే వాడుడు.

ముందుగా గుప్పెడు విత్తనముతో పరీక్షించుడు. తేలిన గింజలను ఒలిచి చూడుడు. సగము ఖాళీవి, పచ్చివి, మచ్చలవి యైనచో నీరు సరిగా నున్నది. నిండు బియ్యపు గింజలు కనబడినచో నీరు మిక్కిలి గాఢమైనదని తెలిసికొని కొంచెము మంచినీరు చేర్చవలెను.

గుడ్డు మాట. తాజా కోడిగుడ్డు మంచినీటిలో అడుగున పండుకొనును. కిలో ఉప్పు నీటిలోను మునిగియే యుండును. ఉప్పు పెంచుచు పోగా, నీటి బరువు 1.08, 1.09 మధ్యకు వచ్చుసరికి గుడ్డు అడుగు వదలి పైకి వచ్చి అంచు తాకును. రూపాయి బిళ్ళంత మేర పైకి కనబడినచో 1.10 అనియు, పదిరూపాయల బిళ్ళ కంటె కొంచెము పెద్దగా కనబడినచో 1.13 అనియు ఇంచుమించుగా గ్రహింపవచ్చును. సన్నగింజకు గుడ్డు అడుగున కదలాడుచు, పైకి తేలకుండ నుండు నీరు మేలు. గుడ్డు మాత్రము ఆ రోజుదో ముందురోజుదో కావలెను. నిలువయున్న గుడ్డులో గాలి చేరి అది పలుచని నీటిలోనే తేలి మనలను మోసగించును. దుకాణపు గుడ్డు కంటె పెరటి కోడి గుడ్డు నమ్మదగినది. నమ్మకము చాలనివారు ఉప్పును తూచి పోసికొనుటయే ఉత్తమము.

విత్తనమును ముందుగా చెరిగి తాలు తీసివేయవలెను. తరువాత రెండు మూడు కిలోల చొప్పున ఉప్పునీటిలో పోసి, చేతితో బాగుగా కలిపి, తేలినవానిని జల్లెడతో తీసివేసి, మునిగినవానిని రెండు మూడు నిమిషములలో బుట్టతో పైకి తీయవలెను. వెంటనే మంచినీటిలో మూడుసార్లు కడుగవలెను. ఈ కడుగుటలో బద్ధకము పనికిరాదు. ఉప్పు మిగిలిన గింజ నానదు. నీరు లోపలికి పోవుటకు బదులు వెలుపలికి లాగబడును. కడిగిన పిదప యథాప్రకారము ఒకరోజు నానబెట్టి, ఒకరోజు మండె కట్టవచ్చును. నాలుగైదు విడతలైన తరువాత నీరు పలుచబడినదేమో మరల చూచుకొని గుప్పెడు ఉప్పు చేర్చుకొనవలెను. ఎకరమునకు సరిపడు 25 కిలోల విత్తనము ఒక్క ఇరువది లీటర్ల ఉప్పునీటిలోనే విడతలుగా ముగియును. ఆ నీటిని ప్రక్క ఇంటివారికి ఇచ్చుట మంచిది. చివరకు పళ్ళెములలో ఎండబెట్టినచో ఉప్పు తిరిగి వచ్చును. బావి దరిని, చెట్టు మొదట, పొలములో పారబోయవద్దు. తేలిన గింజలను కడిగి కోళ్ళకు వేయవచ్చును. రంగు మందు పట్టించిన కొనుగోలు విత్తనమును మాత్రము ఈ నీట వేయరాదు. మందు పోవును, తాలు తిన్న కోళ్ళును పోవును.

ఈ పద్ధతిని నేను ఉద్యోగములో చేరిన కొత్తలో నందిగాం చేరువ నొక గ్రామమున చేసి చూపితిని. కల్లము చుట్టు చేరినవారిలో ఒక వృద్ధుడు, "ఇత్తనాలు ఉప్పునీటిలో ఏస్తే సచ్చిపోవేటి బాబూ?" అని యడిగెను. "రెండు నిమిషములకు చావవు తాతా, కడుగుట మరువకపోతే చాలు" అంటిని. ఆయన తన ఇంటి విత్తనము తెచ్చెను. పోసినదానిలో దాదాపు ఏమియు తేలలేదు. నేను సంతోషించి, ఇది మేలైన విత్తనమని అందరి ఎదుట పొగడితిని. ఆయన దానినే నారు పోసెను. పది రోజుల తరువాత వెళ్ళి చూడగా నారుమడి అక్కడక్కడ పచ్చగా, మిగిలిన మేర బురదగా కనబడినది. ఆ ధాన్యము క్రిందటి కోతల తుపాను వానలో కుప్ప మీద తడిసి వేడెక్కినదట. నేను అడుగలేదు, ఆయన చెప్పలేదు. గింజ నిండుగానే యున్నది, బరువుగానే యున్నది. లోపలి మొలక మాత్రము చచ్చినది. "మునిగినవన్నీ మొలుస్తాయన్నారు గదా బాబూ" అని ఆయన మెల్లగా అనెను. కోపము లేదు. ఆ యేడు ఆయన పొరుగువారి వద్ద నారు కొనుక్కొని, ఆలస్యముగా ఊడ్చుకొనెను.

ఉప్పునీరు గింజ బరువును చెప్పును గాని ప్రాణమును చెప్పదు. కావున నారు పోయుటకు కనీసము పది రోజుల ముందు, నూరు గింజలు లెక్కబెట్టి తడిపిన గోనెలో చుట్టి, చెమ్మ ఆరకుండ నీడనుంచి మొలకలు చూడవలెను. వరికి ధృవీకరణ విత్తనపు ప్రమాణము నూటికి 80. అంతకు తక్కువ మొలచిన విత్తనమును ఉప్పునీరు బాగుచేయజాలదు. నేడు ప్రదర్శనకు పోయినపుడెల్ల నేను మొదట అడుగు ప్రశ్న, ఈ కుప్ప వానకు తడిసినదా అని.

ఉప్పునీటి రెండవ గుణము, నీటిని లాగుట, వంటింటిలో అందరికి తెలిసినదే. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించిన మరునాడు ఊట ఊరును గదా. ఆ ఊట ముక్కలోని నీరే. ఆహారమును చెడగొట్టు సూక్ష్మజీవుల శరీరములోని నీరును అట్లే లాగబడి అవి పెరుగలేవు. 5 శాతపు పలుచని ఉప్పునీటిలో పులుపును పుట్టించు మంచి సూక్ష్మజీవులు బ్రదికి, కుళ్ళు పుట్టించునవి అణగియుండును. కూరగాయల ముక్కలు పులిసి నిలువయుండుట ఈ మధ్యపు పాలు వలననే. చేపలకైతే ఇది చాలదు. నీరు ఇక కరగించుకొనలేనంత ఉప్పు, అనగా నూరు లీటర్లకు సుమారు 36 కిలోలు కావలెను. అడుగున కరగని ఉప్పు కనబడుచుండుటయే దానికి గుర్తు. మన తీరమున ఉప్పుచేప చెడిపోయినదన్న ఫిర్యాదులలో చాలవాటికి కారణము ఉప్పు దగ్గర పొదుపు చేయుటయే.

కొబ్బరి పాదు

కొబ్బరి నాటు గోతిలో ఉప్పు వేయుట దక్షిణ దేశమున పాత ఆచారము. చదువుకొన్నవారు కొందరు దీనిని మూఢనమ్మకమని త్రోసివేసిరి. అది న్యాయము కాదు. మొక్కలకు క్లోరిను అవసరమని కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు 1954లో నిరూపించిరి. అయితే చాల పంటలకు దాని అవసరము అత్యల్పము. కొబ్బరి సంగతి వేరు. 1971లో పశ్చిమ ఆఫ్రికా తోటల నుండియు, 1972లో ఫిలిప్పీన్సు నుండియు వచ్చిన పరిశోధనలు ఒక వింతను బయటపెట్టినవి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేసిన తోటలలో కాపు పెరుగగా, అది పొటాష్ మహిమ అని అంతవరకు తలచిరి. ఆకులను పరీక్షించగా కొన్నిచోట్ల చెట్టు కోరినది అందులోని క్లోరిను అని తేలినది. కొబ్బరి ఆకు తన రంధ్రములను తెరచి మూసి నీటిని కాపాడుకొనుటకు క్లోరిను వాడుకొనును. అది చాలనిచో వేసవిలో చెట్టు తట్టుకొనలేదు, కాయ సైజు తగ్గును. సముద్రమునకు దూరపు తోటలలో ఉప్పునే ఎరువుగా వేయుట ఫిలిప్పీన్సులో అధికారిక సిఫారసయినది.

మరి మన ఉద్దానమున వేయవలెనా? వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి తీరపు తోటలకు సముద్రపు గాలియే ప్రతిదినము ఉప్పు తుంపరలను తెచ్చి పెట్టుచున్నది. లోపలి తోటలవారైనను ముందు తమ ఎరువును చూచుకొనవలెను. కాపుకు వచ్చిన చెట్టుకు సంవత్సరమునకు సిఫారసు చేసిన 1200 గ్రాముల పొటాష్‌ను మ్యూరేట్ రూపమున వేసినచో, ఆ రెండు కిలోల ఎరువులోనే సుమారు 950 గ్రాముల క్లోరిను గలదు. ఇది కిలోన్నర ఉప్పులోని క్లోరినుతో సమానము. కావున మ్యూరేట్ సరిగా వేయువారికి ఉప్పు అనవసరము. మ్యూరేట్ వేయనివారికి ఉప్పు వేసినందున క్లోరిను చేరునే గాని పొటాష్ చేరదు. కొబ్బరికి పొటాష్ ఆకలి చాల ఎక్కువ. ఉప్పు చౌక గదా అని పొటాష్ మానుట పొరపాటు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలు కూలిపోయినవి. తరువాత నాటిన మొక్కలు నేడు పెరుగుచున్నవి. ఒక తరము వారి సంపాదన ఆ లేత మొక్కల మీద నున్నది. పెద్ద చెట్టు సహించు ఉప్పును లేతమొక్క సహింపదు. మొక్క మొదట ఉప్పు కుప్పగా పోసినచో వేరు చుట్టు నీరున్నను మొక్క దాహముతో ఎండును. ఆకు కొసలు మాడుట దాని మొదటి గుర్తు. పైగా ఇసుక నేలలో వేసిన ఉప్పు నిలువదు. రెండు వానలకు క్రిందికి దిగి, మన బావిలోనికే చేరును.

పొలము, బావి

శత్రువు పొలములో ఉప్పు చల్లి పాడుచేయుట పురాతన కథలలో వినబడును. లెక్కవేసి చూచినచో ఇది అంత సులభము కాదు. ఎకరపు నేలలో పై అరడుగు మట్టి సుమారు 900 టన్నులు. దానిలో వెయ్యికి రెండు పాళ్ళు ఉప్పు చేర్చవలెనన్న దాదాపు రెండు టన్నులు చల్లవలెను. ఏ రాజును అంత ఖర్చు పెట్టియుండడు. సముద్రము మాత్రము ఆ పనిని ఒక్క రాత్రిలో చేయగలదు. ఎకరములో ఒక్క అంగుళము మేర సముద్రపు నీరు నిలిచినచో అందులో మూడున్నర టన్నుల లవణములుండును. అరడుగు నిలిచినచో 21 టన్నులు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ప్రాణములను పొట్టన పెట్టుకొనుటయే గాక పొలములకు ఈ బరువును మోసి తెచ్చినది.

అట్టి నీరు పొలములోనికి వచ్చినచో మొదట గట్లు తెగగొట్టి దానిని ఎంత త్వరగా వీలైన అంత త్వరగా బయటికి పంపవలెను. అక్కడనే ఇంకిపోనీయరాదు. పిమ్మట వాననీటినో కాలువ నీటినో నిలువగట్టి, ఒకటి రెండు రోజులుంచి, మురుగు కాలువలోనికి వదలుట పలుమార్లు చేయవలెను. ఇసుక నేలలు ఒక వర్షకాలములో తేరుకొనును. బంకమట్టి నేలలలో చిక్కున్నది. ఉప్పు కడుగుకొనిపోయినను సోడియము మట్టిని పట్టుకొని, తడిసినపుడు జిగురుగా, ఎండినపుడు రాయిగా మార్చును. ఉప్పు చౌడు కారు చౌడుగా మారుట ఇదియే. అప్పుడు జిప్సము అవసరము. ఎంత వేయవలెనో మట్టి పరీక్ష చెప్పవలెను గాని ఎరువుల దుకాణము చెప్పరాదు. మొదటి పంటగా మచిలీపట్నం పరిశోధనా స్థానము నుండి వచ్చిన ఎం.సి.ఎం. 100 వంటి చౌడు తట్టుకొను వరి రకములను వేసికొనవచ్చును.

ఉప్పెన కంటికి కనబడును. బావి ద్వారా వచ్చు ఉప్పు కనబడదు. లీటరుకు ఒక గ్రాము ఉప్పున్న బావి నీరు నోటికి కొంచెము చప్పగా తోచునంతే. కాని ఆ నీటిని ఎకరమునకు ఒక అంగుళము పెట్టినచో 103 కిలోల ఉప్పు పెట్టినట్లే. రెండంగుళముల తడులు ఆరు ఇచ్చుసరికి టన్నుకు పైగా అగును. మంచివాన కురిసి కడిగినచో సరి. వంశధార ఎడమ కాలువ చివరి భూములలో నీరందని సంవత్సరమున వానయు తప్పినచో, ఆ ఉప్పు అక్కడనే యుండును.

తీరపు ఇసుకలో మరియొక చిక్కు గలదు. ఇక్కడ మంచినీరు, ఉప్పునీటి మీద తేలుచుండును, గుడ్డు తేలినట్లే. సముద్రపు నీటి బరువు 1.025. ఈ స్వల్పమైన తేడానుబట్టి బాడన్ గైబెన్ అను డచ్చి ఇంజనీరు 1888లోను, హెర్జ్‌బర్గ్ అను జర్మను ఇంజనీరు 1901లోను ఒక లెక్క కట్టిరి. సముద్ర మట్టమునకు పైన ఒక అడుగు మంచినీరున్నచో, మట్టమునకు క్రింద సుమారు 40 అడుగుల వరకు మంచినీరుండును. తిరగవేసి చదివినచో భయము కలుగును. మోటారుతో తోడి పైమట్టమును ఒక అడుగు దించి అట్లే నిలిపినచో, క్రింది ఉప్పునీరు కాలక్రమమున 40 అడుగులు పైకి లేచునన్నమాట. ప్రక్కవాని బోరు నూరడుగులైనచో మనది నూటయిరువది కావలెనను పంతము తీరగ్రామములలో ఉప్పును కొనితెచ్చుకొనుటయే. మన పెద్దలు ఇసుకలో త్రవ్విన లోతులేని దొరువులే ఇక్కడ సరియైన మార్గము. బాపట్లలోని ఉప్పునీటి పథకమువారు దానినే మెరుగుపరచి, తక్కువ లోతున అడ్డముగా రంధ్రముల గొట్టములు పరచి, పైన తేలు మంచినీటిని మాత్రమే మీగడవలె తీయు దొరువు పద్ధతిని రూపొందించిరి. పదిమంది కలిసి ఒకటి వేసికొనుటకు తగినది.

ఇంతవరకు చెప్పిన గుడ్డుగాని, మడులలోని బామే పరికరముగాని బావి నీటికి పనికిరావు. లీటరుకు ఒకటి రెండు గ్రాముల ఉప్పును అవి గుర్తింపలేవు. నీటిలో విద్యుత్తు ఎంత సులభముగా ప్రవహించునో కొలుచు పరికరము కావలెను. అది మట్టి పరీక్షా కేంద్రములలో నుండును. మోటారును పది నిమిషములు నడిపిన పిదప, శుభ్రమైన లీటరు సీసాను ఆ నీటితోనే మూడుసార్లు తొలిచి, నిండుగా పట్టి బిరడా బిగింపవలెను. సీసా మీద ఊరి పేరు, బావి లోతు, తేదీ వ్రాయవలెను. మే నెలలో ఒకమారు, నవంబరులో ఒకమారు పట్టిన రెండు సీసాలనుబట్టి వాన ఎంత కడిగినదో తెలియును. మరుసటి యేడు అవే నెలలలో మరల పట్టి, పాత అంకెల ప్రక్కన కొత్త అంకెలను ఒకే పుస్తకములో వ్రాసికొనుడు.